విరిగిన పాలు, నాలుగు రంగులు, లాల్‌బాగ్ బండ: కేసిన్‌తో ప్రకృతి దృశ్యాలు వేసే పద్ధతి

కేసిన్ అనగానే ఏదో ఫారిన్ సరుకు, మనకు దొరకదు అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. నిజానికి అది విరిగిన పాలు. పాలలో ఉన్న ప్రోటీన్లో దాదాపు 80 శాతం కేసినే, పులుపు తగిలి పాలు విరిగితే ముద్దగా తేలేది అదే. ఆ ముద్దను కడిగి కాస్త క్షారంలో కరిగిస్తే జిగురవుతుంది, ఆ జిగురులో రంగుపొడి నూరితే పెయింట్ అవుతుంది. యాక్రిలిక్ రంగులు రాకముందు అమెరికాలో పత్రికలకూ ప్రకటనలకూ బొమ్మలు వేసేవాళ్లు దీన్ని ట్యూబుల్లో కొనుక్కుని తెగ వాడారు. గబగబా ఆరుతుంది, నిండుగా పడుతుంది, మెరుపుండదు కాబట్టి ఫొటో తీస్తే వెలుగు కొట్టదు. ట్యూబులు ఇప్పటికీ తయారవుతున్నాయి కానీ బెంగళూరులో నేను తిరిగిన షాపుల్లో కనిపించలేదు, బయట నుంచి తెప్పిద్దామంటే రంగు కన్నా రవాణా ఖర్చు చూసి కళ్లు తిరిగాయి. అందుకే ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టాను.

నాలుగే రంగులు ఎందుకో ముందు చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. మొదట్లో పన్నెండు రంగులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆకాశానికి ఐదు రంగులు కలిపి ఒక బూడిద రంగు తయారుచేశా, సగం ఆకాశం పూర్తయ్యేసరికి ప్లేటులో ఉన్నది గట్టిపడిపోయింది. మళ్లీ అదే రంగు కలపబోతే ఎంత తిప్పలు పడ్డా రాలేదు. వచ్చిందనుకుని వేశాక, ఆరాక చూస్తే చిరిగిన చొక్కాకు వేరే గుడ్డతో మాటు వేసినట్టు ఉంది. కేసిన్‌తో రెండు బాధలు, పది పదిహేను నిమిషాల్లో ఆరిపోతుంది, పైగా తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు. కాబట్టి ఏ రంగునైనా మళ్లీ అచ్చం అలాగే కలపగలగాలి. పన్నెండు డబ్బాలుంటే అది కుదిరే పని కాదు, నాలుగుంటే రెండో వారానికే చేతికి అలవాటవుతుంది.

నా నాలుగు: ఎల్లో ఓకర్, రెడ్ ఆక్సైడ్, అల్ట్రామెరైన్ నీలం, టైటానియం తెలుపు. ఎల్లో ఓకర్ అంటే పచ్చమట్టి, రెడ్ ఆక్సైడ్ అంటే మన జేగురు, బెంగళూరు పాత ఇళ్లలో నున్నటి ఎర్ర గచ్చు చేసింది ఈ పొడితోనే. నేర్చుకునేటప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆక్సైడ్ పొడి చాలు, కాకపోతే అందులో ఏం కల్తీ ఉంటుందో తెలియదు కాబట్టి దాచుకోదలచిన బొమ్మలకు ఆర్ట్ షాపు పొడే కొనండి. తెలుపు మాత్రం మిగతా వాటికి రెట్టింపు తీసుకోండి, అది అయిపోయినంత త్వరగా ఇంకేదీ అయిపోదు. నలుపు అక్కర్లేదు, ఎరుపూ నీలమూ కలిస్తే దాదాపు నలుపంత ముదురు వస్తుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుమీద ఓకర్, ఎరుపు, నలుపు, తెలుపుల సెట్ ఒకటి ప్రసిద్ధం, అందులో నలుపే నీలం పని చేస్తుంది. మనుషుల ముఖాలకు అది బ్రహ్మాండం. చెట్లూ ఆకాశమూ వేసేవాళ్లకు మాత్రం నీలం లేకపోతే కష్టం అని నా అభిప్రాయం.

ఇక జిగురు. పాలలో వెన్న ఉండకూడదు, ఉంటే పెయింట్ పొర బలహీనమవుతుంది. ప్యాకెట్ పాలమీద మీగడ తీసినా పూర్తిగా పోదు, అందుకని నేను వెన్న తీసిన పాలపొడి వాడతాను. 100 గ్రాముల పొడి ముప్పావు లీటరు పైన నీళ్లలో కలిపితే దాదాపు లీటరు పాలతో సమానం. గోరువెచ్చగా చేయండి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడి, మరిగించొద్దు. తెల్ల వెనిగర్ ఒక్కో పెద్ద చెంచా వేస్తూ మెల్లగా తిప్పుతుంటే నాలుగైదు చెంచాల దగ్గర తెల్లటి ముద్ద ఒకవైపు, పచ్చటి తేట నీళ్లు ఒకవైపు విడిపోతాయి. నీళ్లింకా తెల్లగా ఉంటే ఇంకో చెంచా వేయండి. పలుచటి గుడ్డలో వడకట్టి, ఆ ముద్దను కనీసం మూడు నీళ్లలో పిసికి కడగండి. బద్ధకించొద్దు ఇక్కడ. వెనిగర్ మిగిలిపోతే తర్వాత ముద్దను కరిగించడానికి వేసే వెలిగారాన్ని అది తినేస్తుంది, అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే అల్ట్రామెరైన్ పులుపుకు అస్సలు ఆగదు, రంగు వెలిసిపోతుంది.

వెలిగారం అంటే బోరాక్స్ అనే క్షారం, కంసాలులు వాడేదే. ఇక్కడ గ్రంధిగె అంగళ్లు అంటారు, నాటు మందులూ పూజా సామాన్లూ అమ్మే కొట్లు, అక్కడికి వెళ్లి కన్నడంలో ‘బిళిగార’ అని అడగండి. నేను మొదటిసారి నోరు తిరగక చేత్తో తెల్ల గడ్డ అని చూపించి పటిక తెచ్చుకున్నాను. పటిక పులుపు జాతి, అది వేసి రాత్రంతా తిప్పినా ముద్ద ముద్దలాగే కూర్చుంది. లీటరు పాలకు వచ్చిన ముద్దకు 10 గ్రాముల వెలిగారం లెక్క. అరకప్పు కంటే తక్కువ వేడినీళ్లలో దాన్ని పూర్తిగా కరిగించి, పాల ముద్దను చిదిమి అందులో వేసి బాగా కలిపి మూత పెట్టి వదిలేయండి. రెండు మూడు గంటల్లో, ఒక్కోసారి మర్నాటికి, గింజలు లేకుండా పలుచటి తేనెలా అవుతుంది. మళ్లీ ఒకసారి వడకడితే జిగురు సిద్ధం. సున్నంతో కూడా కరిగించవచ్చు, పాతకాలపు పద్ధతి అదే, నీళ్లకు బాగా తట్టుకుంటుంది కూడా, కానీ పూటలో గట్టిపడిపోతుంది, చేతులు మండుతాయి, ప్రష్యన్ నీలం లాంటి కొన్ని రంగులు దాంట్లో చెడిపోతాయి. మొదటిసారి చేసేవాళ్లకు వెలిగారమే మేలు.

ఒక హెచ్చరిక, ఇది నవ్వుకోవడానికి కాదు. వెలిగారం పడ్డాక అది తినే వస్తువు కాదు. గిన్నె, చెంచా, గుడ్డ అన్నీ వేరుగా పెట్టుకోండి. సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి కాబట్టి దానిమీద పెద్ద అక్షరాలతో రాయండి. మా అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు రాయని సీసా ఒకటి చూసి, గట్టి మజ్జిగ అనుకుని కరివేపాకు తిరగమోత సిద్ధం చేసి పెట్టింది. సమయానికి నేను వంటగదిలోకి వెళ్లాను కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి మా ఫ్రిజ్‌లో ఆ సీసాకు ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. రెండు చుక్కల లవంగ నూనె వేస్తే వారం దాకా నిలవుంటుంది, ఆ తర్వాత మూత తీయగానే మీకే తెలిసిపోతుంది.

రంగు నూరడానికి పాత అద్దం ముక్క, అడుగు చదునుగా ఉన్న గాజు గ్లాసు చాలు. పొడిని ముందు నీళ్లతో గట్టి చట్నీలా నూరండి, ముఖానికి మాస్కు పెట్టుకుని, ఫ్యాన్ ఆపి. ఆ ముద్దకు సమానంగా జిగురు వేసి కలపండి. ఒక చెక్క ముక్కమీద రాసి ఆరాక వేలితో రుద్దండి. వేలికి పొడి అంటుకుంటే జిగురు చాల్లేదు. మెరుస్తూ బిగుసుకుని సన్నటి నెర్రెలు వస్తే జిగురు ఎక్కువైంది, నీళ్లతో నూరిన రంగు ముద్ద ఇంకాస్త కలపండి. ఒక్కో పొడికి ఒక్కో లెక్క, కాబట్టి ఈ పరీక్ష నాలుగింటికీ విడివిడిగా చేయాల్సిందే. సీసం, కాడ్మియం ఉన్న పొడుల జోలికి ఇంట్లో పోవద్దు.

కేసిన్ పొర గట్టిది కానీ పెళుసు, వంగితే పగులుతుంది. అందుకని కాన్వాస్ మీద వద్దు. హార్డ్‌బోర్డ్ గానీ, సన్న ఎండీఎఫ్ గానీ, లేదా మందపాటి వాటర్‌కలర్ కాగితాన్ని చెక్కకు అతికించి గానీ వాడండి. ఈ ఊళ్లో ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరి ఇంట్లో కప్‌బోర్డ్ పని జరుగుతూనే ఉంటుంది, వడ్రంగిని అడిగితే ముక్కలు ఊరికే ఇస్తాడు. అదే జిగురులో మెత్తటి సుద్దపొడి కలిపి రెండు మూడు పూతలు వేసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దితే రంగును పీల్చుకునే చక్కటి నేల తయారవుతుంది. వెనకవైపు కూడా ఒక పూత వేయండి, లేకపోతే బోర్డు అప్పడంలా వంకర తిరుగుతుంది.

ఇప్పుడు బొమ్మకు వద్దాం. నేను ఎక్కువగా వేసేది బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని బండ, పాతకాలపు పాలకుడు కెంపేగౌడ కట్టించిన బురుజు ఉన్న ఆ గుట్ట. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే చారల రాయి అది, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం అని బోర్డు కూడా ఉంది. పరిమిత రంగులు నేర్చుకోవడానికి అంతకన్నా మంచి గురువు దొరకదు, ఎందుకంటే దూరంనుంచి బూడిద రంగు ముద్దలా కనిపించేది, దగ్గరికి పోయి చూస్తే లేత చారలూ ముదురు చారలూ ఒకదాని పక్కన ఒకటి వంకర్లు తిరిగి ఉంటాయి, వాననీళ్లు జారినచోట నల్లటి మరకలు, ఎండ తగిలేచోట గోధుమరంగు కలిసిన గులాబీ.

కుంచె పట్టకముందే రంగులన్నీ కలిపేయాలి. దీనికి నేను వాడేది స్టీలు ఇడ్లీ ప్లేట్లు, నాలుగు గుంటలవి మూడు, మొత్తం పన్నెండు గుంటలు (ఇవి కూడా మళ్లీ వంటకు పోకూడదు). మొదటి మూడు గుంటల్లో బండ బూడిద, ముదురు, మధ్య, లేత. అల్ట్రామెరైన్ ముందు వేసి రెడ్ ఆక్సైడ్‌ను చీపురుపుల్ల మొనతో తీసినంత చొప్పున కలుపుతూ పోండి, ఆ ఎరుపు బలం మామూలుది కాదు, ఒక్క చెంచా ఎక్కువ పడితే గుంటంతా ఇటుకపొడే. నీలమూ ఎరుపూ దేనికదే కనిపించని చోట ఆగి, తెలుపుతో రెండు మెట్లు లేతవి చేయండి. తర్వాతి మూడింట్లో చెట్ల పచ్చ, ఓకరూ నీలమూ కలిపి. ఇది చిలకపచ్చ కాదు, దుమ్ము పట్టిన ఆలివ్ పచ్చ. నిరాశ పడకండి, మార్చి నెలలో ఈ ఊరి చెట్లు నిజంగా ఉండేది ఆ రంగులోనే. ఇంకో మూడింట్లో మట్టి, ఓకరూ జేగురూ. మిగిలిన వాటిలో ఆకాశానికి రెండు, ఒట్టి తెలుపు ఒకటి. ప్రతి గుంటనుంచి ఒక గీత బోర్డు ముక్కమీద గీసి ఆరనివ్వండి, పక్కన పెన్సిల్‌తో ఏది ఎంతో రాసుకోండి. ముదురు రంగులు ఆరాక బూడిద చల్లినట్టు పాలిపోతాయి, కాబట్టి తడిలో చూసి సరిపోయిందనుకున్నదానికి ఇంకో మెట్టు ముదురు చేయండి. ప్లేట్లమీద తడిగుడ్డ కప్పి, నీళ్లు చిమ్మే సీసా ఒకటి పక్కన పెట్టుకుంటే గంటా గంటన్నర గడుస్తుంది.

బోర్డుకు ముందు జేగురు నీళ్లు పలుచగా పూసి ఆరనిస్తాను. తర్వాత ఎక్కడైనా సందు మిగిలితే ఆ ఎరుపే తొంగిచూస్తుంది, మన నేలకు అది నప్పుతుంది. దానిమీద ముదురు నీడలు పెద్ద పెద్ద ముక్కలుగా, ఆ తర్వాత మధ్య రంగులు, వెలుగులు చివర్లో. ఆకాశంలో ఒక రంగును ఇంకో రంగులోకి ఆయిల్ పెయింట్‌లా సాగదీయాలని చూడకండి, సగంలో ఆరిపోయి గీతలు పడతాయి. పక్కపక్కన రెండు మూడు పట్టీలు వేసి, వాటి అంచుల్లో పొడి కుంచెతో అడ్డంగా సన్నటి గీతలు గీస్తే దూరంనుంచి కలిసిపోయినట్టే ఉంటుంది. దూరపు చెట్లకు ఓకర్ తగ్గించి నీలం, తెలుపు పెంచండి. కింది పొర ఆరకముందు, ఆరినా కొత్తగా ఉన్నప్పుడు, దానిమీద కుంచెతో రుద్దొద్దు, లేచి వచ్చేస్తుంది. ఒక దెబ్బ వేసి వదిలేయాలి. రంగు మందంగా కూడా పెట్టొద్దు, పగులుతుంది.

బండ చారలు మాత్రం పొడి కుంచె పనే. చదరపు సింథటిక్ కుంచెను లేత బూడిదలో ముంచి, పాత గుడ్డమీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన ఆ కాస్త రంగుతో బోర్డును పైపైన తాకిస్తూ లాగండి. సుద్ద నేలలోని గరుకు ఎత్తులకు మాత్రమే రంగు అంటుతుంది, కింది ముదురు అలాగే ఉండి రాతి గింజలా కనిపిస్తుంది.

ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని వేస్తుంటే చింతామణి వైపు తెలుగు మాట్లాడే అవ్వ ఒకామె వాకింగ్ ఆపి నిలబడింది. “ఏం నాయనా, మజ్జిగ తెచ్చుకున్నావా, పుల్లవాసనొస్తా ఉంది?” రంగుదే అవ్వా, పాలతో చేస్తారు అన్నాను. నమ్మినట్టు లేదు. బొమ్మ చూసి, “బండ నల్లగా ఏసినావే, ఎర్రగా ఉండాది గదా” అని వెళ్లిపోయింది. తలెత్తి చూస్తే నిజమే, ఎండ పక్కనుంచి పడి బండ అంతా లేత ఇటుక రంగులో ఉంది, నేనేమో బండంటే బూడిద రంగేగా అనుకుని దానివైపు చూడకుండా వేసుకుంటూ పోయాను. జేగురులో ఓకర్, తెలుపు కలిపి, నీళ్లతో బాగా పలుచన చేసి, ఆరిన బూడిద మీద ఎండ పడే వైపు ఒక్క పూత ఇచ్చాను. కింద చారలు కనిపిస్తూనే రంగు మారింది. అప్పటినుంచి బండ బూడిద లేత గుంటలో ఎప్పుడూ కాస్త జేగురు ఎక్కువే వేస్తున్నాను.

ఈ నాలుగింటితో రానివి ఉన్నాయి, దాచడం ఎందుకు. జకరండా పూల ఊదా రాదు, ఎరుపూ నీలమూ కలిస్తే వంకాయ తొక్క రంగు దగ్గరే ఆగుతుంది. ఓకర్ పక్కన పెడితే కాస్త ఊదాగా అనిపిస్తుంది, అంతవరకే. గులాబీ టబెబూయా పూలకు జేగురు, తెలుపు కలిపితే ఇటుక పొడి గులాబీ వస్తుంది, పూలు నవ్వినట్టుండవు. ఆ కాలంలో క్వినాక్రిడోన్ రోజ్ అనే ఐదో రంగును చుట్టంగా పిలుస్తాను, పూలు రాలిపోగానే డబ్బా లోపలికి.

కుంచెలు వెంటనే సబ్బుతో కడగండి, వెంట్రుకల మొదట్లో రంగు ఎండిపోయిందంటే ఇక ఆ కుంచె గోడకు సున్నం వేయడానికి కూడా పనికిరాదు. బొమ్మ చేతికి ఆరినట్టున్నా నీళ్లకు తట్టుకోవడానికి వారాలు పడుతుంది, ఈలోపు తడి చెయ్యి తగలనివ్వద్దు. నెల దాటాక పాత పంచె ముక్కతో మెల్లగా గుండ్రంగా రుద్దితే ముదురు రంగులు కాస్త మేల్కొని పట్టులాంటి సన్నటి మెరుపు వస్తుంది. నేను వార్నిష్ వేయను, వేస్తే ఆ సుద్దలాంటి మెత్తదనం పోయి మామూలు ఆయిల్ బొమ్మలా అయిపోతుంది. మెరుపు లేని బొమ్మ గోడమీద ఎలా ఉంటుందో చూడాలంటే కుమారకృప రోడ్డులో చిత్రకళా పరిషత్తుకు వెళ్లి రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ బొమ్మలు చూడండి, అవి టెంపెరా, అంటే నూనె బదులు నీళ్లలో కలిసే జిగురుతో చేసిన రంగు, కేసిన్‌కు దగ్గరి చుట్టం. ఫ్రేమ్ కట్టిస్తే అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ (మందపాటి అట్ట చట్రం) తప్పకుండా పెట్టించండి.

జూలైలో ముసురు పట్టినప్పుడు మాత్రం బొమ్మల్ని బీరువాలో పెట్టి మర్చిపోవద్దు. కేసిన్ అంటే బూజుకు విందు భోజనం. పోయిన వానాకాలం గోడకు ఆనించి పెట్టిన రెండు బోర్డుల వెనక, పూత వేయని వైపున, తెల్లటి నూగు పట్టింది. పొడి కుంచెతో దులిపి, ఎండ తగలని గాలిలో నాలుగు రోజులు నిలబెట్టి, ఆరాక వెనకవైపు పూత వేశాను.